రాయికి నీ మీద కోపమేం లేదురా

శనివారం, కర్నూలు

వదిన పొద్దున్నే ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. బడి తెరిచి వారం కూడా కాలేదు, అప్పుడే వీడి కళ్ళు ఎర్రబడ్డాయని ఆవిడ కోపం. మా మేనల్లుడు ఏడుపు మొహంతో ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, ఉగ్గాని ప్లేటు పట్టుకుని నా పక్కన చేరాడు.

"అత్తా, నీ లాప్‌టాప్‌లో గేములున్నాయా?"

"ఉన్నాయి గానీ నీకు నచ్చవులే."

పిల్లల దగ్గర ఈ మాట భలే పనిచేస్తుంది.

నాది విండోస్ బదులు డెబియన్ లినక్స్ నడిచే లాప్‌టాప్. కమాండ్లు కొట్టే టెర్మినల్ తెరిచి ఒక్క లైను కొడితే రాక్స్ ఎన్ డైమండ్స్ అనే ఆట దిగిపోయింది. నల్లటి తెర మీద అక్షరాలు గబగబా పైకి పోతుంటే వాడు గొంతు తగ్గించి "హ్యాకింగా?" అన్నాడు. కాదన్నా నమ్మలేదు. అత్త మీద ఆ మాత్రం గౌరవం ఉండనీ అని నేనూ గట్టిగా వాదించలేదు.

ఆటలో కథంటూ ఏం లేదు. భూమి కింద గని. తెర నిండా మట్టి, ఆ మట్టిలో అక్కడక్కడా గుండ్రటి రాళ్ళు, పచ్చలు, వజ్రాలు. మన మనిషి నడిచిన చోటల్లా మట్టి పోయి ఖాళీ అవుతుంది. కింద ఖాళీ అయితే రాయి పడుతుంది. రాయి మీద రాయి ఉండి, పక్కన, ఆ పక్కకి కింద ఖాళీ ఉంటే పైది జారి పడుతుంది. పడే రాయి నెత్తిన తగిలితే చస్తాం. ఒక రాయిని పక్కకి తోయొచ్చు, దాని వెనక చోటుంటే. ఎత్తడాలు, లాగడాలు లేవు. అడిగినన్ని రత్నాలు ఏరుకుంటే బయటికి దారి తెరుచుకుంటుంది. గడువులోపల అక్కడికి చేరాలి.

దీనికి మూలం 1984 నాటి బౌల్డర్ డాష్. కెనడాలో పీటర్ లియెపా, క్రిస్ గ్రే కలిసి అటారీ కంప్యూటర్ల కోసం చేసిన ఆట, ఫస్ట్ స్టార్ సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మింది. 1987లో జర్మనీ నుంచి కింగ్‌సాఫ్ట్ వాళ్ళు అమీగా కంప్యూటర్‌కి ఎమరాల్డ్ మైన్ అని అదే బాపతు ఆట తెచ్చారు. 1995లో హోల్గర్ షెమెల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మెషీన్ల కోసం, వాటి తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్ విండో మీద నడిచేలా ఈ రాక్స్ ఎన్ డైమండ్స్ రాశాడు. సి భాషలో రాసింది, జీపీఎల్ లైసెన్సు, అంటే దాని సోర్సు కోడ్ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. బౌల్డర్ డాష్, ఎమరాల్డ్ మైన్, సూపాప్లెక్స్, పెట్టెలు తోసే జపాన్ ఆట సోకోబాన్, అన్నిటి సరుకూ ఇందులోకి చేరిపోయింది. యూనిక్స్ అంటే ఖరీదైన వర్క్‌స్టేషన్ల ముందు సీరియస్‌గా కూర్చునే మనుషులే గుర్తొస్తారు నాకు. వాళ్ళు కూడా ఇలా వజ్రాలు ఏరుకున్నారంటే సరదాగా ఉంటుంది.

ఇక మావాడి ఆట. వీడికి అలవాటైన గేముల్లో ఆగితే చస్తారు. ఇక్కడ పరిగెత్తితే చస్తారు. బాణం మీట నొక్కి పట్టుకుని కనిపించిన ప్రతి పచ్చ మీదికీ ఉరికాడు. రాయి పడింది. మళ్ళీ మొదలుపెట్టాడు, ఇంకో చోట ఇంకో రాయి పడింది. కాసేపటికి ఉగ్గాని చల్లారిపోయింది, వాడు వేడెక్కాడు.

"ఇది చీటింగ్ అత్తా! నేను తప్పించుకుని కిందికి వచ్చేశా. రాయే నా వెనకాల వచ్చింది."

నాకు కావాల్సింది ఈ మాటే. తెర మీద ఒక పక్కన పాత వీసీఆర్‌కి ఉండేలాంటి బటన్లుంటాయి: ప్లే, పాజ్, స్టాప్, రికార్డ్, క్యాసెట్టు బయటికి తీసేది కూడా. మనం ఆడుతుంటే టేపు రికార్డవుతుంది. వీసీఆర్ అంటే ఏంటో వాడికి చెప్పేసరికే తాతల కాలానికి వెళ్ళొచ్చినట్టయింది. ఆ తర్వాత వాడి ఆటే వాడికి వెనక్కి వేసి, ఆపుతూ నడిపిస్తూ చూపించాను.

రెండు రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వీడు వాటి ఎడమ పక్కన మట్టి తవ్వుకుంటూ పై నుంచి కిందికి దిగాడు. కింది రాయి పక్కన ఉన్నంతసేపూ పై రాయికి జారే వీలు లేదు, ఎందుకంటే అది పడాల్సిన చోట వీడే ఉన్నాడు. ఇంకో అడుగు దిగగానే ఆ చోటు ఖాళీ అయింది. రాయి పక్కకి జారింది, అక్కడి నుంచి కిందికి పడింది. వీడు కింద ఆగి, ఎటు పోదామా అని చూస్తున్నాడు. ఆగకుండా పక్కకి తిరిగి ఉంటే రాయి వాడిని దాటి పోయేది.

"వెనకాల రాలేదురా. నువ్వు దారిచ్చావు, అది పడింది. రాయికి నీ మీద కోపమేం లేదు."

"అయితే నా మీద ఎవరికి కోపం?"

"ఎవరికీ లేదు."

ఈ సమాధానం వాడికి నచ్చలేదు. మళ్ళీ టేపు వెయ్యమన్నాడు. మళ్ళీ అదే రాయి, అదే క్షణంలో, అదే నెత్తి మీద.

ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ టేపే. అది వీడియో కాదు. ఏ క్షణంలో ఏ మీట నొక్కామన్నదే అందులో ఉంటుంది, చదరంగం ఆటలో ఎత్తులు రాసిపెట్టుకున్నట్టు. దాంతో పాటు ర్యాండమ్ అంకెలు ఎక్కడ మొదలయ్యాయో ఆ సీడ్ కూడా దాచుకుంటుంది. తిరిగి వేసినప్పుడు బొమ్మలు చూపించడం కాదు, ఆటే మొదటి నుంచి మళ్ళీ జరుగుతుంది. మీటలు అవే, సీడ్ అదే కాబట్టి ప్రతి రాయీ మళ్ళీ అక్కడే పడుతుంది. ఇది వినడానికి తేలికే. కానీ ఎప్పుడో పాత వెర్షన్‌లో రికార్డయిన టేపు కొత్త వెర్షన్‌లోనూ తేడా రాకుండా నడవాలంటే, అప్పటి రాళ్ళు ఎలా పడేవో, పురుగులు ఎలా తిరిగేవో అవన్నీ అలాగే ఉంచాలి. పాత తప్పులతో సహా. సోర్సు చూస్తే ఆ పాట్లు తెలుస్తాయి: ఈ లెవెల్ ఫలానా వెర్షన్ కంటే పాతదైతే ఇలా నడు, కొత్తదైతే అలా నడు అని షరతులు చాలాచోట్ల కనిపిస్తాయి. జీతం తీసుకుని చేసే పనిలో, పోయినేడాది ఫైలు ఈ ఏడాది తెరుచుకుంటే అదృష్టం అనుకునే దాన్ని నేను. ఎవరో ఎక్కడో ఒక లెవెల్ గెలిచిన ఆనందం చెడిపోకూడదని ఇంత శ్రద్ధ పెట్టిన మనిషంటే నాకు గౌరవం.

అసలు బౌల్డర్ డాష్‌లోనే ఈ గుణం ఉంది. గుహ అంతా గడులు. ప్రతిసారీ కంప్యూటర్ పై వరస ఎడమ చివర నుంచి మొదలుపెట్టి కుడికి, తర్వాత కింది వరస, అలా చివరిదాకా ఒక్కో గడినీ చూసుకుంటూ పోతుంది. ఈ గడిలో ఏముంది, దాని కింద ఏముంది, పక్కన ఏముంది, అంతే. రాయి రెండు వైపులా జారే వీలుంటే ముందు ఎడమకే జారుతుంది. గుహలో తిరిగే శత్రువుల్లో మిణుగురు వీలైతే ఎడమకి తిరుగుతుంది, సీతాకోకచిలుక వీలైతే కుడికి. గుహలో చెల్లాచెదురుగా పోసినట్టు కనిపించే మట్టీ రాళ్ళూ కూడా ఒక సీడ్ అంకె నుంచి పుట్టినవే, అందుకే ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే గుహ. ఏ గడికీ గుహ మొత్తం తెలియదు. మనమొక్కళ్ళమే మొత్తం చూసేది, చూసి కూడా తొందరపడి చచ్చేదీ మనమే.

మరి వెంటపడే రోబో మాటేమిటి అని మావాడు మంచి ప్రశ్నే వేశాడు. ఎమరాల్డ్ మైన్ తరహా లెవెల్స్‌లో రోబో నిజంగానే మన వెంట పడుతుంది. కానీ ఒక చక్రం ఉంటుంది, దాన్ని తిప్పామంటే రోబోలు మనల్ని వదిలేసి దాని వైపు పోతాయి. పగ ఉన్నవాడు అలా చక్రం వెనక పోడు కదా. వాడు ఒప్పుకున్నాడు, సగం మనసుతో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ టీవీ పెట్టింది. వానలు మొదలయ్యాయిగా, జొన్నగిరి, తుగ్గలి వైపు పొలాల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతున్నారని వార్త. ఏటా జూన్‌లో ఈ వార్త రాకపోతే మా జిల్లాకి వానాకాలం వచ్చినట్టే కాదు. తొలకరికి పైమట్టి కొట్టుకుపోతే మెరిసే రాళ్ళు పైకి తేలతాయి, ఒకరిద్దరికి దొరుకుతాయి, మిగతావాళ్ళు నడుంనొప్పితో ఇళ్ళకి పోతారు. అమ్మ ఒకసారి టీవీ వైపు, ఒకసారి మా తెర వైపు చూసి, "అక్కడ ఎండలో వాళ్ళు, ఇక్కడ ఫ్యాను కింద మీరు. ఎవరికీ దొరికింది లేదు" అని పక్కకి తిరిగి పడుకుంది.

"అవ్వా, నాకు పదిహేడు దొరికాయి!" అన్నాడు వీడు. అవ్వ వినలేదు.

ఆఫీసు నుంచి ఒక ఫోను వస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడి వచ్చాను. శనివారం ఫోను గురించి రాయడం దండగ.

వచ్చేసరికి మావాడి తీరు మారింది. మీట నొక్కి పట్టుకోవడం మానేశాడు. ఒక అడుగు వేసి ఆగుతున్నాడు. పక్క గడిలో ఉన్న పచ్చని, అందులోకి అడుగు పెట్టకుండానే ఇంకో మీట సాయంతో లాక్కోవడం వచ్చేసింది. రాయి నెత్తి మీదే ఆనుకుని ఉన్నా, అది పడుతున్న రాయి కాకపోతే ఏం చెయ్యదని తనే కనిపెట్టి, దాని కింద నిలబడి నాకు పోజు పెట్టాడు. వజ్రం ఒకటి మూడు పచ్చల లెక్క అని, కాయ మీద రాయి వేస్తే పగిలి పచ్చ వస్తుందని, అదే రాయి వజ్రం మీద పడితే వజ్రం తునకలవుతుందని నాకే పాఠం చెప్పాడు.

తర్వాత పాత బౌల్డర్ డాష్ గుహలు చూపించాను. సీతాకోకచిలుక మీద రాయి వేస్తే పేలి, చుట్టూ ఉన్న గడులతో కలిపి తొమ్మిది గడుల్లో వజ్రాలవుతాయి. మిణుగురు మీద వేస్తే పేలుడే గానీ వజ్రాలుండవు. వాడికి బాగా పట్టింది మాత్రం అమీబా. పచ్చగా మెల్లగా మట్టిని తింటూ పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకుండా నాలుగు వైపులా మూసేస్తే మొత్తం వజ్రాలైపోతుంది. ఆలస్యం చేస్తే, రెండు వందల గడులకి చేరగానే మొత్తం రాళ్ళైపోతుంది. వాడు రాళ్ళు తోసి తోసి దాన్ని మూసి, ఆఖరి సందు పూడ్చినప్పుడు తెర సగం మెరిసింది. వాడు వేసిన కేకకి వంటింట్లోంచి వదిన పరిగెత్తుకొచ్చింది. ఏం జరిగిందో చూసి, "ఫోను తీసేసింది ఇందుకేనా" అని నన్ను ఒక చూపు చూసి వెళ్ళింది. నిజమే, ఆవిడ ప్లాను నేను చెడగొట్టాను. కాకపోతే వీడు ఇవాళ తెర ముందు కూర్చున్న దానిలో సగం సేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆలోచించాడని చెబుదామనుకుని, చెప్పలేదు. వదినతో అలాంటి వాదనలు గెలవలేం.

సాయంత్రం ఎడిటర్ తెరిచి ఇచ్చాను. ఆటలోనే ఉంటుంది: మట్టి, రాయి, పచ్చ, రోబో, ఏది కావాలంటే అది తీసి గడుల్లో పెట్టుకుని సొంత లెవెల్ చేసుకోవచ్చు. ఎన్ని రత్నాలు కావాలి, గడువెంత, అవి కూడా మనమే పెట్టొచ్చు. జనం ఇలా చేసి పంచుకున్న లెవెల్స్ వేలకొద్దీ ఉన్నాయి. మావాడు నాలుక బయటపెట్టి గంటసేపు శ్రద్ధగా కట్టాడు. రాళ్ళ వరసలు, మధ్యలో ఒక అమీబా, మూలన తలుపు. నాకు చూపించాడు. చక్కగా ఉంది. సెట్టింగులు చూశాను.

"ఒరేయ్, ఇందులో ఉన్న పచ్చలు ముప్పై. నువ్వు నలభై అడిగావు. అమీబాని మూసే దారి కూడా లేదు. తలుపెలా తెరుచుకుంటుంది?"

"తెరుచుకోదు."

"మరి?"

"ఇది నాన్నకి అత్తా. షటిల్‌కి తీసుకుపోతా తీసుకుపోతా అని ఎన్ని ఆదివారాలైందో. రేపు ఇంట్లోనే కూర్చుని ఇది ఆడుకోనీ."

అన్న బండి గేటు దగ్గర ఆగిన చప్పుడైంది. సేవ్ బటన్ ఎక్కడుందని వాడు కంగారుగా అడిగాడు. చూపించాను.