డూమ్ ఎటర్నల్ సాధన చిట్టా: అతి ఎప్పుడు ఆనందాన్నిస్తుంది?

ఈ విడతలో డూమ్ ఎటర్నల్ అనే షూటర్‌ను, అంటే తుపాకులతో రాక్షసులను కాల్చే వీడియో గేమ్‌ను, అల్ట్రా వయొలెన్స్ అనే కఠినత స్థాయిలో ఆడుతూ ఆర్క్ కాంప్లెక్స్ అనే అంకం చివరి వరకు వచ్చాను. రక్తం, పేలుళ్లు, గర్జనలు, నాలుగు వైపుల నుంచి ఒకేసారి మీదపడే రాక్షసులు, ఇంత అతి ఉన్న షూటర్ ఒకచోట గంటల తరబడి ఉత్సాహాన్నిస్తే, మరొకచోట కొద్దిసేపటికే విసుగు ఎందుకు పుట్టిస్తుందన్నది తేల్చుకోవడానికే ఈ సాధన మొదలుపెట్టాను. ఇప్పటివరకు ఆడినదాన్నిబట్టి చూస్తే, ఆటగాడు తీసుకున్న నిర్ణయానికి ఫలితంగా వచ్చి, వెంటనే మరో నిర్ణయానికి దారితీసే అతి మాత్రమే చివరిదాకా రుచిస్తుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

దీనికి పునాది 2016 నాటి డూమ్‌లోనే పడింది. దెబ్బలు తిని తూలుతున్న శత్రువు దగ్గరికి దూకి గ్లోరీ కిల్ చేస్తే, అంటే చేతికందే దూరంలో చంపేస్తే ఆరోగ్యం దక్కుతుంది, చెయిన్‌సాతో (యంత్ర రంపంతో) కోస్తే తూటాలు రాలుతాయి. 2020 మార్చిలో వచ్చిన ఎటర్నల్ దీనికి ఫ్లేమ్ బెల్చ్‌ను జోడించింది. భుజం మీది గొట్టంతో మంట చిమ్మి, ఆ మంటల్లో ఉన్న శత్రువులను కొడుతూ ఉంటే కవచపు ముక్కలు వచ్చిపడతాయి. తూటాల నిల్వ కావాలనే తక్కువగా ఉంచారు కాబట్టి, ఈ మూడింటినీ వంతులవారీగా వాడుతూ ఉండక తప్పదు. చాలా షూటర్లలో ఆరోగ్యం తగ్గగానే గోడ చాటుకు వెళ్లి ఊపిరి పీల్చుకోవాలనిపిస్తుంది, ఇక్కడ మాత్రం బతకాలంటే గుంపు మధ్యలోకే దూకాలి. తెర మీద జరిగే ప్రతి బీభత్సమూ ఆటగాడికి కావలసిన ఏదో ఒక వస్తువును ఇస్తూనే జరుగుతుంది కనుక, వందోసారి చూసినా అది వృథా ఆర్భాటంగా తోచదు. చెయిన్‌సా ఇంధనంలో మొదటి గడి దానంతటదే నిండుతుందన్న సంగతిని కొత్తగా ఆడేవారు తప్పక గుర్తుంచుకోవాలి. తూటాలు పూర్తిగా అయిపోయేదాకా ఆగకుండా, ఆ గడి నిండగానే ఒక చిన్న రాక్షసుడి మీద వాడేయడం నా పద్ధతి.

ఇంత గందరగోళంలోనూ స్పష్టత చెడకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది. ఆరోగ్యం నీలం రంగులోనూ, కవచం ఆకుపచ్చ రంగులోనూ మెరుస్తాయి. గ్లోరీ కిల్‌కు సిద్ధంగా ఉన్న శత్రువు ఒళ్లంతా వెలుగుతుంది. నోరు తెరిచిన కాకోడీమన్ అనే ఎగిరే రాక్షసుడికి స్టికీ బాంబు (అంటుకుని పేలే బాంబు) మింగిస్తే అది వెంటనే తూలిపోతుంది, అరాక్నోట్రాన్ అనే సాలీడు లాంటి రాక్షసుడి వీపు మీది తుపాకీని ప్రిసిషన్ బోల్ట్‌తో (గురిచూసి కాల్చే ఒంటి తూటాతో) పగలగొడితే అది దూరం నుంచి కాల్చే బలాన్ని కోల్పోతుంది. కన్ను గుర్తించిన దానికి చేయి ఏ జవాబు ఇవ్వాలో ఆట ముందే నేర్పి పెడుతుంది, ఆ తర్వాత వేగం పెంచుతూ పోతుంది.

సెట్టింగ్స్ విషయానికొస్తే, ఫీల్డ్ ఆఫ్ వ్యూను (తెర మీద కనిపించే దృశ్యపు వెడల్పును) 110 డిగ్రీల దగ్గర ఉంచాను, కదలికలో దృశ్యాన్ని మసకబార్చే మోషన్ బ్లర్‌ను, చేతి వేగాన్నిబట్టి గురి కదలికను మార్చే మౌస్ యాక్సిలరేషన్‌ను పూర్తిగా ఆపేశాను. సెకనుకు 60 ఫ్రేములు వస్తే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు, 144 వస్తే దాదాపు 6.9 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ తరహా ఆటలో ఆ తేడా చేతికి తెలుస్తుంది కాబట్టి నీడల నాణ్యతను తగ్గించి ఫ్రేములను పెంచుకున్నాను. డాష్‌ను (ఒక్కసారిగా పక్కకు దూసుకుపోవడాన్ని) మౌస్ పక్క బటన్‌కు మార్చాను.

చేతికి అన్నిటికంటే ఎక్కువ పని పెట్టింది ఆయుధాలు మార్చడం. ఆయుధాలన్నీ చక్రంలా కనిపించే వీల్ తెరిస్తే ఆటలో కాలం నెమ్మదిస్తుంది, ఆలోచించుకోవడానికి అది మేలే గానీ, పోరాటపు లయ అక్కడ తెగిపోతుంది. అందుకే ఒక్కో ఆయుధానికి ఒక్కో కీ కేటాయించుకున్నాను. ప్రిసిషన్ బోల్ట్, బాలిస్టా అనే శక్తి బాణాలు వదిలే ఆయుధం, జంట గొట్టాల సూపర్ షాట్‌గన్ వంటివి ఒకసారి పేలాక మళ్లీ సిద్ధం కావడానికి కొంత సమయం తీసుకుంటాయి. ఆ వ్యవధిలో వేచి ఉండకుండా తరువాతి ఆయుధానికి మారితే దెబ్బల మధ్య ఖాళీ దాదాపు కనిపించదు. ఇది వేళ్లకు పట్టుబడ్డాక, తబలా మీద ఒక బోలు వెంట మరొకటి పలికినట్టు మూడు పేలుళ్లు ఒకే పట్టులో వినిపిస్తాయి. ఆటలో అంకాల మధ్య మనం తిరిగొచ్చే కోట లోపల ఉన్న రిపటోరియం అనే సాధన మైదానంలో ఈ వరుసను విడిగా సాధన చేయవచ్చు. అంకం మధ్యలో నేర్చుకోవాలని తంటాలు పడడం కంటే ఇదే మంచి మార్గమని నా అభిప్రాయం.

ఆర్క్ కాంప్లెక్స్ చివర ఎదురయ్యే మరాడర్ అనే గొడ్డలి, డాలు పట్టిన శత్రువు గురించి ఆటగాళ్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. మధ్యస్థ దూరంలో నిలబడి, అతని కళ్లు ఆకుపచ్చగా మెరిసిన క్షణంలోనే కొట్టాలి. దగ్గరికి వెళ్తే షాట్‌గన్, దూరం జరిగితే గొడ్డలితో విసిరే శక్తి కిరణాలు, తొందరపడి కాల్చితే డాలు. అంతవరకు ముందుకు దూకడమే నేర్పిన ఆట ఇక్కడ ఓర్పును అడుగుతుంది. ఒంటరిగా వచ్చినప్పుడు నాకు ఈ పోరాటం ఎంతో నచ్చింది, అయితే గుంపుతో కలిసి వచ్చినప్పుడు ఆ ఒక్కడి కోసం మిగతా లయంతా ఆగిపోతుందన్న విమర్శలోనూ న్యాయం ఉంది.

పోల్చి చూడడానికి మధ్యమధ్య పాత ఆటలు కూడా ఆడాను. క్రొయేషియాకు చెందిన క్రోటీమ్ 2001లో విడుదల చేసిన సీరియస్ సామ్‌లో తల లేని కమికాజీలు కేకలు వేస్తూ పరుగెత్తుకొస్తాయి. చూడడానికి ఎంత విడ్డూరంగా ఉన్నా, ఆ కేక దూరాన్నీ దిశనూ చెప్పే సమాచారం కూడా. 2011 నాటి బుల్లెట్‌స్టార్మ్‌లో శత్రువును తన్ని, కొరడాతో లాగి, వింత వింత పద్ధతుల్లో చంపినందుకు స్కిల్‌షాట్ పాయింట్లు వస్తాయి, వాటితోనే తూటాలూ మెరుగుదలలూ కొనుక్కోవాలి. అక్కడ కొత్తదనాన్ని వెతకడమే జీవనాధారం కావడం నాకు బాగా నచ్చింది, అయితే పద్ధతులన్నీ ఒకసారి చూసేశాక ఆ ఆకర్షణ కొంత తగ్గుతుంది. ఎటర్నల్‌లో బహుమతి అవసరాన్నిబట్టి మారుతూ ఉండడం వల్ల ఆ లోటు లేదు.

తరువాతి అంకం మార్స్ కోర్. దాన్ని వీల్ అసలు తెరవకుండా, కీలతోనే పూర్తి చేయాలని నిశ్చయించుకున్నాను. అంతకుముందు రిపటోరియంలో బాలిస్టా నుంచి సూపర్ షాట్‌గన్‌కు మారే వరుసను, ఆ షాట్‌గన్‌కున్న, శత్రువును పట్టి మనల్ని అటు లాగే మీట్ హుక్ అనే కొక్కెంతో గాలిలో ఎగురుతూ కూడా తడబడకుండా చేయగలిగేదాకా సాధన కొనసాగిస్తాను.