జలుబుకు సి మాత్ర అడిగేవాళ్ళకు

పెరంబూరులో మందుల షాపు నడుపుకునే మనిషిని కాబట్టి ఈ మాట నేను చెప్పకూడదు. అయినా చెప్తాను: జలుబు రాకూడదని విటమిన్ సి మాత్రలు కొనడం చాలామందికి డబ్బు దండగ. చెన్నైలో అక్టోబరు వానలు మొదలయ్యాయంటే నారింజ రుచితో చప్పరించే మాత్రలు పట్టీలకు పట్టీలు అమ్ముడుపోతాయి. ఇంటిల్లిపాదికీ పట్టుకెళ్ళేవాళ్ళున్నారు. పిల్లలు చాక్లెట్ అనుకుని అడిగి మరీ తింటారు.

ఈ నమ్మకానికి బలం పోసినవాడు మామూలు మనిషి కాదు. లైనస్ పౌలింగ్. రసాయనశాస్త్రంలో 1954లో, శాంతికి 1962లో, రెండు నోబెల్ బహుమతులు అందుకున్నవాడు. రోజూ గ్రాముల లెక్కన సి విటమిన్ తీసుకుంటే జలుబు దగ్గరకు రాదని 1970 నుంచి ఊరూరా చెప్పాడు. అంతటివాడు చెప్పాక ఎవరు కాదంటారు? కానీ ఆ తర్వాత బోలెడన్ని పరీక్షలు జరిగాయి. వాటన్నిటినీ కలిపి, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2013లో సమీక్షిస్తే తేలింది ఇదీ: రోజూ వేసుకున్నా మామూలు జనానికి జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దవాళ్ళలో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా పోయింది. వారం రోజుల జలుబులో 8 శాతమంటే అర్ధరోజు. అదీ ముందునుంచీ రోజూ వేసుకుంటేనే. తుమ్ములు మొదలయ్యాక వేసుకుంటే ఆ లాభమూ నమ్మకంగా కనబడలేదు. నిజంగా లాభపడినవాళ్ళు మారథాన్ పరుగు వీరులు, గడ్డకట్టే చలిలో శిక్షణ పొందే సైనికులు లాంటివాళ్ళు. వాళ్ళలో జలుబులు సగానికి తగ్గాయి. మా వీధిలో అలాంటివాళ్ళు నాకు తెలిసి లేరు.

అలాగని సి విటమిన్ ఉత్తదేనా? కానే కాదు. మేకలూ కుక్కలూ దాన్ని తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. మనకు ఆ శక్తి లేదు, తిండిలోంచే రావాలి. రాకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, గాయాలు మానవు. స్కర్వీ అంటారు దాన్ని. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరేసి చొప్పున విడదీసి రకరకాల మందులిస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే చకచకా కోలుకున్నారు. చర్మానికి, చిగుళ్ళకు, ఎముకలకు పట్టునిచ్చే కొల్లాజెన్ గట్టిపడటానికి ఈ విటమిన్ కావాలి మరి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది మాత్రం ఎవరూ అడగనిది: ఇనుము. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చెప్పింది. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఇనుము ఉంటుంది, కానీ పేగులు దాన్ని సులువుగా పీల్చుకోలేవు. అదే భోజనంలో సి విటమిన్ కూడా ఉంటే ఆ ఇనుము పీల్చుకోవడానికి వీలైన రూపంలోకి మారుతుంది. అదే భోజనంలో అన్నది మరిచిపోవద్దు. పొద్దున తిన్న నారింజ రాత్రి పప్పుకు ఉపయోగపడదు.

నెల్లూరు వైపు నుంచి వచ్చి మా వీధిలో ఉంటున్న ఒక అమ్మాయి మొన్న చీటీ తెచ్చింది. “అన్నా, ఐరన్ మాత్రలతో పాటు సి మాత్రలు కూడా ఇవ్వండి, కలిపి వేసుకుంటే మంచిదట” అంది. చీటీలో సి లేదు. అక్కర్లేదమ్మా అన్నాను. 2020లో వెలువడిన చైనా పరీక్షలో 440 మందిలో సగం మందికి ఐరన్ ఒక్కటే, సగం మందికి సి కలిపి ఇస్తే, హిమోగ్లోబిన్ రెండు పక్కలా ఒకేలా పెరిగింది. మాత్రలో ఇనుము ఎలాగూ దండిగా ఉంటుంది. తిండి సంగతి వేరు. ఏం తింటావని అడిగితే మునగాకు పప్పు, చేపల పులుసు, అన్నం తినగానే టీ అని చెప్పింది. ఆ టీ దగ్గర ఆపాను. టీకి వగరునిచ్చే టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. గంట ఆగి తాగమన్నాను. పప్పు దించాక నిమ్మకాయ పిండుకోమన్నాను, పొయ్యి మీద ఉండగా కాదు, వేడికి సి విటమిన్ చాలావరకు పోతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవాళ్ళకు 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళకు 65 చాలు. వంద గ్రాముల జామకాయలో 200 దాకా ఉంటుంది, నారింజలో 50 చిల్లర. నేనమ్మే మాత్ర 500. ఒంటికి అక్కర్లేనిది మూత్రంలో పోతుంది. రైల్వే స్టేషన్ దగ్గర బండి మీద ఉప్పూ కారం చల్లి ఇచ్చే జామకాయ ఒక్కటి చాలు, పైగా రుచి.

కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు మాత్రం పెద్ద మోతాదుల జోలికి పోకండి. మిగిలిన సి విటమిన్‌లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది, చాలా రాళ్ళు తయారయ్యేది దానితోనే. షుగరు ఉండి ఇంట్లో మీటరుతో చూసుకునేవాళ్ళు కూడా డాక్టరుకు చెప్పి వాడండి. సి బాగా ఎక్కువైతే కొన్ని మీటర్లు తప్పు అంకె చూపిస్తాయి, దాన్ని చూసి ఇన్సులిన్ మార్చుకుంటే ప్రమాదం.