కుడిపక్కన అప్పన్న

సింహాచలం కొండ మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పులు ఆటోలో వదిలేసి, కొండకి దణ్ణం పెట్టుకున్నప్పుడు మనసులో ఒక నియమం పెట్టుకున్నాను. కొండ చుట్టూ రాత్రంతా నడిచే ఈ గిరి ప్రదక్షిణ ఈసారి పూర్తయ్యేదాకా స్వామి నామం తప్ప ఇంకో మాట మాట్లాడకూడదని. అంతకుముందు ఏడాదంతా ఇంట్లో టెన్షన్లతోనే గడిచింది. ఈ ఒక్క రాత్రయినా పూర్తిగా కొండమీది నరసింహస్వామికి, మన అప్పన్నకి ఇచ్చేద్దామనుకున్నాను.

అడవివరం దాటేదాకా బాగానే నడిచింది. ముడసర్లోవ దగ్గర వాన మొదలైంది. మా వదిన తన కొంగు తీసి నా తల మీద కూడా కప్పి, "ఒదినా, డాబా మీద వడియాలు తీసేవా?" అంది. తియ్యలేదు. ఇద్దరం ఒక్కసారి ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశాం. ఆ నవ్వుతో నా నియమం తప్పింది. ఇక హనుమంతవాక వచ్చేసరికి వదిన కూతురి పెళ్లి సంబంధం, విశాలాక్షినగర్ దగ్గర మాతో నడుస్తున్న నా చిన్ననాటి స్నేహితురాలి వాళ్ల ఆఫీసు గొడవలు, జోడుగుళ్లపాలెం దిగువకి వచ్చేసరికి మేం ముగ్గురం కాలేజీ రోజుల్లో బీచ్ రోడ్డులో ఒక్క మురీ మిక్చర్ పొట్లం పంచుకుని తిన్న కబుర్లు. మధ్యమధ్యలో ముందువాళ్లు "సింహాద్రి అప్పన్న స్వామికీ" అంటే మేమూ గట్టిగా "గోవిందా" అనేవాళ్లం. మళ్లీ కబుర్లే.

అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి లేచాక నాకు బాధేసింది. స్వామి కోసం వచ్చి ఇంతసేపూ ఇంటి మాటలే మాట్లాడుకున్నామే అనిపించింది. తడి చీరతో ఒడ్డున నిలబడి ఆ మాటే స్నేహితురాలితో అన్నాను. తను చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, "కొండ ఎటుందే ఇప్పుడు?" అని అడిగింది. తిరిగి చూశాను. చీకట్లో ఏం కనిపించలేదు. భవనాలు, లైట్లు, జనం.

అప్పటినుంచి ఆ ప్రశ్న నాతోనే నడిచింది. ప్రదక్షిణంలో ఉన్నది దక్షిణం, అంటే కుడి. దేవుణ్ణి కుడిపక్కన పెట్టుకుని చుట్టూ తిరగడం. గుళ్లో దర్శనం అంటే స్వామికి ఎదురుగా నిలబడి చూస్తాం. ప్రదక్షిణలో ఎదురుగా నిలబడడం అనేదే లేదు. 32 కిలోమీటర్లూ ఆయన మన కుడిచేతి వైపే ఉంటాడు. కొన్ని చోట్ల కొండ కనిపిస్తుంది, చాలాచోట్ల ఇళ్ల వెనకాల దాక్కుంటుంది. మరి ఆ దారంతా మనం చూసేదెవర్ని? ముందు నడిచేవాళ్ల మడమల్ని, పక్కన నడిచేవాళ్ల మొహాల్ని. ఈ ఏర్పాటు చేసిన పెద్దలు ఊరికే చెయ్యలేదని నాకు గట్టిగా అనిపించింది.

అసలు మన అప్పన్న తీరే అంత. అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం. మిగతా ఏడాదంతా చందనంలోనే ఉంటాడు. విడతకి మూడు మణుగుల చొప్పున నాలుగు విడతలు చందనం సమర్పిస్తారు. ఆ నాలుగో విడత, మనం రాత్రంతా నడిచి కొండెక్కే ఆషాఢ పౌర్ణమి నాడే. అంటే మన కాళ్లు బొబ్బలెక్కి తన దగ్గరికి చేరేసరికి స్వామి ఇంకో పొర కప్పుకుంటాడు. అయినా మన ఉత్తరాంధ్రలో ఆయనంత దగ్గరివాడు ఎవరున్నారు? వీధికో అప్పలరాజు, ఇంటికో అప్పలనర్సమ్మ. కనపడకుండానే ఇంటి మనిషైపోయాడు.

వెంకోజీపాలెం వచ్చేసరికి నా ఎడమ పాదం కింద ఏదో గుచ్చుకుని కుంటుతున్నాను. ఆ దారిలో ఆ రాత్రి తలుపు వేసుకుని పడుకున్న ఇల్లు తక్కువ. ఒకచోట పులిహోర, ఒకచోట అరటిపళ్లు, ఒకచోట కాళ్ల నొప్పులకి మందు రాసే కుర్రాళ్లు. ఒక చిన్న ఇంటి ముందు మాత్రం షామియానా లేదు, మైకు లేదు. ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ, పక్కన స్టీలు బిందె, నాలుగు గ్లాసులు. ఒక మనవరాలు గ్లాసులు కడుగుతోంది. ఆవిడ తలెత్తి ఎవరి మొహమూ చూడట్లేదు. కిందకే చూస్తోంది. నా కాళ్లు తన ముందుకి రాగానే, "ఏటమ్మా, కుంటుతున్నావు. ఇలా రా, ఇది తాగేసి ఎల్లు" అని గ్లాసు అందించింది.

పల్చటి మజ్జిగ. అల్లం, కరివేపాకు, ఉప్పు ఒక పలుకు ఎక్కువే. ఆ ఉప్పు ఆ వేళకి అమృతంలా ఉంది. "ఎవరికి కావాలో ఎలా తెలుస్తోందమ్మా?" అని అడిగాను. "మొహం చూస్తే అందరూ గోవిందా గోవిందా అనీసి నవ్వుతూనే ఎల్తారు. కాళ్లు అబద్ధం చెప్పవు కదేటి" అంది. తను ఇదివరకు ఏటా నడిచేదట. మోకాళ్లు అరిగిపోయాక నడవలేక ఇలా కూర్చుంటోందట.

గీత తొమ్మిదో అధ్యాయంలో మనందరికీ తెలిసిన శ్లోకం ఒకటుంది.

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః

ఆకో పువ్వో పండో, ఏదీ లేకపోతే కాసిని నీళ్లో, ఎవరు భక్తితో ఇస్తే వాళ్లది నేను ఆరగిస్తానంటాడు పరమాత్మ. ఎన్నోసార్లు చదివాను. ఆ గ్లాసు చేతిలో పట్టుకున్నప్పుడు "అశ్నామి" అన్న మాట కొత్తగా తగిలింది. స్వీకరిస్తాను అనలేదు. తింటాను అన్నాడు. ఆకునీ పువ్వునీ నీళ్లనీ కూడా తింటానంటున్నాడు! ఎంత ఆకలితో ఉన్నవాడు అనాలి ఆ మాట? ఇచ్చినదాన్ని పక్కన పెట్టించేసే దొరలా కాకుండా, వంటింట్లోకి వచ్చి "ఏముందమ్మా?" అని అడిగే పిల్లాడిలా ఉన్నాడు. శ్లోకంలో భక్తి అన్న మాట రెండుసార్లు వచ్చింది, వస్తువుల పేర్లు ఒక్కోసారే. అందులోనూ చివరది నీళ్లు. ఆ నీళ్లకి కాస్త పెరుగు, ఉప్పు కలిపి ఆ పెద్దావిడ బిందె నిండా పెట్టుకుని కూర్చుంది. ఆవిడిచ్చింది తాగింది నేనే. కానీ నా గొంతులోంచి ఎవరు తాగారో ఆవిడకి తెలుసు.

అప్పుడు మా వదిన కొంగు గుర్తొచ్చింది. వానలో నా తల మీద కప్పింది కదా, అదీ ఇందులోదే. అప్పుఘర్ దగ్గర అలకి తూలిపోతుంటే నా మణికట్టు పట్టుకున్న స్నేహితురాలి చెయ్యీ ఇందులోదే. నియమం తప్పానని నేను ఏడుస్తున్న ఆ మూడు నాలుగు గంటల్లోనూ కుడిపక్కన ఉన్నాయన అన్నీ ఆరగిస్తూనే వచ్చాడు. సీతమ్మధార దాటాక నేనింక బాధపడలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర టీ తాగాం. గోపాలపట్నంలో వదిన పాత పాటొకటి అందుకుంది. చదువు లేని మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్న పాట, అప్పన్నకి పెళ్లి చేసే పాట. సగం చరణాలు మర్చిపోయింది, మర్చిపోయినచోటల్లా మా పక్కన నడుస్తున్న ఎవరో తెలియని ముసలాయన అందించాడు.

దర్శనం చేసుకుని ఇంటికొచ్చేసరికి పౌర్ణమి మధ్యాహ్నమైంది. అత్తయ్య నడవలేక నాలుగేళ్లైంది. కొండ మీదికి వెళ్లి గుడి చుట్టూ తిరుగుదామన్నా డాక్టరు మెట్లు వద్దన్నారు. గుమ్మంలోనే నన్ను ఆపేసి, వేడినీళ్ల టబ్బులో రాళ్ల ఉప్పు వేసి కాళ్లు పెట్టించారు. తర్వాత కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి తెచ్చుకుని కింద కూర్చున్నారు. నేను గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"అత్తయ్యా, మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి?"

"నీ కాళ్లని ఎవరన్నారు? కొండ చుట్టూ తిరిగొచ్చిన కాళ్లివి. ఇలా పెట్టు" అన్నారు.

ఎడమ పాదం కింద గుచ్చుకున్నచోట ఆవిడ బొటనవేలు ఆగింది. కళ్లజోడు సర్దుకుని, కిటికీ వెలుగు వైపు నా పాదం తిప్పి, నిదానంగా నూనె రాయడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి మా ఆయన, "అమ్మా, వడియాలు తీశాను, కొన్ని తడిసిపోయాయి, ఎక్కడ పెట్టమంటావ్?" అని అడుగుతున్నారు. అత్తయ్య జవాబు చెప్పలేదు. పెదాలు కదులుతున్నాయి, గోవిందా, గోవిందా అని.