43 సెకన్లు వెనక నడిచిన సర్వర్

మంగళవారం

పొద్దున ఆఫీసులో అడుగుపెట్టేసరికే సపోర్ట్ వాళ్ళ టికెట్లు వరసకట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ ఒకటే మాట: యాప్ తెరవగానే ఎర్రర్ వస్తోంది, కాసేపాగితే దానంతటదే పనిచేస్తోంది. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిస్తే, టోకెన్, అంటే యాప్ వాడేవాళ్ళకి టైం వేసి ఇచ్చే డిజిటల్ పాస్, ఇంకా చెల్లుబాటులోకి రాలేదని సర్వర్ తిప్పి పంపేస్తోంది. మా టీమ్‌లో ఈమధ్యే చేరిన కుర్రాడు అప్పటికే సర్వర్ గడియారం చూసేశాడు. "అక్కా, టైం కరెక్ట్‌గానే ఉంది, ఫోన్‌తో పోల్చి చూశాను. లాగ్‌లో పడే టైం కూడా కరెక్టే. మరి టోకెన్ రేపటినుంచి ఊడిపడ్డట్టు ఎందుకంటోంది?"

సరైన ప్రశ్నే అడిగాడు. సర్వర్లు చూసేవాళ్ళకి ఫోన్ చేస్తే సగం కథ తెలిసింది. రాత్రి మెయింటెనెన్స్‌లో మా వర్చువల్ మెషీన్‌ని (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్) కాసేపు ఆపి ఇంకో హోస్ట్ మీదికి, అంటే ఇంకో అసలు కంప్యూటర్ మీదికి, మార్చారట. అది ఆగినంతసేపూ లోపలి గడియారమూ ఆగిపోతుంది. బయటి టైంతో సరిచూసే క్రోనీ అనే ప్రోగ్రామ్ ఆ మెషీన్‌లో నడవడమే లేదు. 9:40కి దాన్ని మొదలుపెట్టగానే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) గడియారం ఒక్క గెంతులో 43 సెకన్లు ముందుకి వచ్చింది. "సరిచేసేశాం కదండీ, ఇక మావైపు ఏమీ లేదు" అన్నారు. ఓఎస్ వరకూ అది నిజమే.

కానీ మా సర్వీస్ నడిచేది ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద. ఎర్లాంగ్ రన్‌టైమ్‌కి, అంటే ఆ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌కి, తన గడియారం తనకుంది. ఓఎస్ గడియారాన్ని అది గమనిస్తూనే ఉంటుంది, కానీ అది గెంతితే తను గెంతదు. తేడా కనబడితే తన సెకన్‌ని కొద్దిగా కుదించో సాగదీసో మెల్లగా దగ్గరికి చేరుతుంది. ఆ మార్పు 1 శాతం మించనివ్వదు. ఆలస్యమైన రైలు స్టేషన్లు ఎగ్గొట్టకుండా కాస్త వేగం పెంచి టైం కవర్ చేసుకుంటుందే, అలా. 1 శాతం అంటే ఒక సెకను తేడా పోవడానికి 100 సెకన్లు కావాలి. 43 సెకన్లకి 4,300, అంటే గంటా పన్నెండు నిమిషాలు దాకా.

కుర్రాడి పక్కన కూర్చుని నోడ్‌లోకి (నడుస్తున్న మా ఎర్లాంగ్ రన్‌టైమ్) షెల్, అంటే కమాండ్లు కొట్టే విండో, తెరిపించాను. ఎర్లాంగ్ సిస్టమ్ టైంలోంచి ఓఎస్ సిస్టమ్ టైం తీసెయ్యమన్నాను. మైనస్ 31 సెకన్ల చిల్లర. అప్పుడు టైం పది. మళ్ళీ కొట్టాడు, చివరి అంకెలు మాత్రం మారాయి. ఒక నిమిషం పైన ఆగి కొడితే మైనస్ 30 దగ్గరికి వచ్చింది. వాడి మొహం వెలిగిపోయింది. ఈ సంగతి డాక్యుమెంట్‌లో చదవడం వేరు, ఒకే మెషీన్‌లో రెండు గడియారాలు కళ్ళెదుట దగ్గరపడుతుంటే చూడటం వేరు. లాగ్‌లో టైం ఎందుకు సరిగ్గా ఉందో కూడా అక్కడే తేలిపోయింది: ఎర్లాంగ్ లాగర్ టైం కోసం నేరుగా ఓఎస్‌నే అడుగుతుంది. మా టోకెన్ చెకింగ్ కోడ్ మాత్రం రన్‌టైమ్‌ని అడుగుతోంది. టోకెన్ ఇచ్చేదేమో సరైన టైం ఉన్న వేరే మెషీన్. అందుకే దాని మీది టైం మా రన్‌టైమ్‌కి ఇంకా రాని టైంలా కనబడింది.

ఈలోపు మేనేజర్ గారు వచ్చి "రీస్టార్ట్ చేసేద్దామమ్మా, అయిపోతుంది" అన్నారు. అవుతుంది, నిజమే. రన్‌టైమ్ లేస్తూనే కొత్త టైం తీసుకుంటుంది. కానీ ఆ నోడ్ మీద వేల కనెక్షన్లు తెరిచి ఉన్నాయి, అన్నీ తెగిపోయి ఒక్కసారిగా తిరిగొచ్చి పడతాయి. "వద్దు సార్, అరగంట ఇవ్వండి" అన్నాను. టోకెన్ మాడ్యూల్‌లో ఒక్క లైన్, రన్‌టైమ్ టైంకి బదులు ఓఎస్ టైం. టెస్ట్ మెషీన్‌లో నడిపి చూసి, ప్రొడక్షన్‌లో నడుస్తున్న నోడ్‌లోకే కొత్త మాడ్యూల్ లోడ్ చేశాం. ఒక్క కనెక్షన్ కూడా తెగలేదు. 10:25కి ఎర్రర్లు ఆగిపోయాయి. అప్పటికి రన్‌టైమ్ గడియారం ఇంకా 16 సెకన్లు వెనకే ఉంది.

మధ్యాహ్నం క్యారియర్ తెరిచాక వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. "అక్కా, ఓఎస్ మారినప్పుడు ఇదీ మారిపోతే ఏం పోయింది?" నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది. ఎర్లాంగ్ పుట్టింది ఎరిక్సన్ ల్యాబ్‌లో, 1980లలో, టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం. అక్కడ కాల్ మధ్యలో టైం వెనక్కి జరిగితే నడిచిన కాలం మైనస్‌లోకి పోతుంది. ముందుకి గెంతితే ఐదు సెకన్ల టైమవుట్ పెట్టుకున్నవాళ్ళందరూ ఒకేసారి గడువు దాటిపోయినట్టే. "ఎంతసేపైంది" అనే లెక్క ఎప్పుడూ గెంతకూడదు. "ఇప్పుడు టైం ఎంత" అనే లెక్క లోకంతో కలిసి ఉండాలి. ఈ రెండిటికీ ఒకే గడియారం వాడితే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తప్పదు.

2017 కొత్త సంవత్సరం రాత్రి క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల కంపెనీకి తగిలిన దెబ్బ అదే. లీప్ సెకను (భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి లోకం టైంకి కలిపే అదనపు సెకను) కలిసిన క్షణంలో గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన వాళ్ళ డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ చెప్పే) సాఫ్ట్‌వేర్‌కి గడిచిన కాలం మైనస్‌లో వచ్చింది, కొన్ని సర్వర్లు కూలబడ్డాయి. ఏం జరిగిందో వాళ్ళే విడమర్చి రాశారు. అదే ఏడాది వచ్చిన గో 1.9లో ప్రతి టైం విలువతోపాటు వెనక్కి పోని గడియారపు రీడింగ్ కూడా చేరింది. ఎర్లాంగ్ అంతకుముందే, 2015లో వచ్చిన 18వ వెర్షన్‌లో, ఈ రెండు లెక్కల్నీ విడదీసి వేరువేరు ఫంక్షన్లు ఇచ్చింది. పాత "నౌ" ఫంక్షన్ వాడొద్దని అప్పుడే చెప్పింది. అది టైం చెప్పాలి, ఎప్పుడూ వెనక్కి పోకూడదు, ఏ రెండుసార్లూ ఒకే విలువ ఇవ్వకూడదు. ఒక్కదాని నెత్తిన ఇన్ని బరువులా!

ఎర్లాంగ్‌లో మల్టీ టైమ్ వార్ప్ అనే మోడ్ కూడా ఉంది. అందులో గడిచిన కాలం లెక్క అలాగే నిలకడగా నడుస్తుంది. ఇప్పటి టైం రావడానికి దానికి కలిపే తేడా మాత్రం ఓఎస్‌ని బట్టి మారిపోతుంది. మాకు కావలసింది అదేనని నా నమ్మకం. ఆ మోడ్ ఆన్ చెయ్యాలంటే ముందు కోడ్ అంతా దానికి తట్టుకునేలా ఉండాలి. మా పాత మాడ్యూళ్ళలో "నౌ" ఇంకా అక్కడక్కడా ఉంది.

సాయంత్రం సర్వర్ల టీమ్‌కి మెయిల్ పెట్టాను: అన్ని మెషీన్లలో క్రోనీ నడుస్తోందా అని ఒక చెక్, ఎర్లాంగ్‌కీ ఓఎస్‌కీ మధ్య తేడా ఒక సెకను దాటితే అలారం. ఆ తేడా కొలిచే కోడ్ కుర్రాడు రాస్తానన్నాడు. "నౌ" ఉన్న ఫైళ్ళ జాబితా నేను తీశాను. బిల్లింగ్ మాడ్యూల్‌తో మొదలుపెట్టాలి, రేపు పొద్దున మీటింగ్‌కి ముందే కూర్చుంటే సగమైనా అవుతుంది.