అలిపిరి మెట్ల మీద షుగర్ లెక్క

కొండకు నడిచి పోతానంటే మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు. తిరుపతిలో మా అత్త మాత్రం నా సంచిలో గ్లూకోజు పొడి డబ్బా చూసి ఆగిపోయింది. "చక్కెర జబ్బు పెట్టుకోని చక్కెర మోసకపోతావేంది నాయనా?" అంది. ఆమెనని లాభం లేదు. మనవైపు షుగరంటే ఒకటే జబ్బు, దానికి తీపి మానెయ్యడం, కాకరకాయ రసం తాగడం, పొద్దున్నే నడవడం, అంతే వైద్యం.

నాది వేరే రకం. నలభై దగ్గర పడుతుండగా బయటపడింది. మొదట చూసిన డాక్టరు వయసును బట్టి, పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 అనుకుని మాత్రలు రాశారు. కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత ఎన్ని మాత్రలు మార్చినా షుగర్ దిగదు, నేను మాత్రం చిక్కిపోతున్నాను. ఇంకో డాక్టరు గ్యాడ్ యాంటీబాడీ, సి-పెప్టైడ్ అనే రక్తపరీక్షలు చేయించాక సంగతి తేలింది. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడింది. లాడా అంటారు దీన్ని. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 జాతిదే, కాకపోతే పెద్ద వయసులో మొదలై మెల్లగా ముదురుతుంది. ఆ మెల్లదనంలోనే ఉంది తంటా అంతా. మిగిలిన కణాలు ఎప్పుడు ఎంత ఇన్సులిన్ ఇస్తాయో తెలీదు. అవే రెండు ఇడ్లీలు, అదే డోసు. నిన్న 140, ఇవాళ 240. వేళాపాళా లేని కరెంటుతో మడికి నీళ్లు కట్టడమే ఇది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. మా డాక్టరుతో ముందే మాట్లాడి, రాత్రి వేసుకునే, మెల్లగా చాలాసేపు పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ కొంచెం తగ్గించాను. పొద్దున టిఫిను ముందు సూది సగమే. అలిపిరిలో లగేజీ ఇచ్చేస్తే దేవస్థానం వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు. ఆ వసతి బంగారమే గానీ ఇన్సులిన్ పెన్నులు అందులో వేయకూడదు. బ్యాగు ఏ ఎండలో ఎంతసేపు ఉంటుందో మనకు తెలీదు, వాడుకలో ఉన్న పెన్ను 30 డిగ్రీలు దాటితే పాడయ్యే ప్రమాదం ఉంది. జూన్ నెలలో తిరుపతి ఎండ సంగతి చెప్పేదేముంది. నీళ్లలో తడిపి వాడే చల్లటి పౌచ్‌లో పెన్నులు పెట్టి భుజానికి తగిలించుకున్నాను. ఐసు ముక్కల మధ్య పెట్టమని మా బావ సలహా ఇచ్చాడు. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పారేయాల్సిందే అన్నాను.

చీకటితోనే బయల్దేరాం. పాదాల మండపం దగ్గర మొక్కి మొదటి మెట్టుకు కర్పూరం వెలిగించేసరికి జేబులో ఫోను 168 చూపిస్తోంది. నా ఎడమ చేతికి అంటించుకున్న సెన్సర్ కొన్ని నిమిషాలకోసారి ఫోనుకు షుగర్ లెక్క పంపిస్తుంటుంది. మాకు ముందు ఒకామె ప్రతి మెట్టుకూ వంగి, మూడు వేళ్లతో పసుపు పూసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టుకుంటూ పోతోంది. వెనక ఆమె కూతురు కుంకుమ భరిణె పట్టుకొని నిలబడుతోంది. నేను పది మెట్లకోసారి ఫోను చూస్తున్నాను. మా ఇద్దరిలో ఎవరి మొక్కు కష్టమో చెప్పలేను.

గాలిగోపురం దాకా దారి నిటారు. అక్కడికి చేరేసరికి 212. "నడిస్తే తగ్గాల కదా బావా?" అని మా బావకు ఆశ్చర్యం. ఒక్కసారిగా గట్టిగా శ్రమపడితే అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పొంగుతాయి, కాలేయం తన దగ్గర దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అప్పుడు కంగారుపడి సూది వేస్తే ఆ తర్వాత పాతాళానికి పోతాం. అందుకని మంచినీళ్లు తాగి ఊరికే కూర్చున్నాను. నా ఉద్దేశంలో ఈ జబ్బులో అన్నిటికన్నా కష్టమైన పని అదే, ఏమీ చేయకుండా ఉండటం.

గాలిగోపురం దాటాక చాలా దూరం దారి చదునుగా పోతుంది. జింకల పార్కు దగ్గర ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు కొన్నాడు బావ. తింటూ తింటూ "నాకూ చూడు" అని వేలు చాపాడు. కొత్త సూది వేసి గుచ్చితే గ్లూకోమీటరు 267 అంది. మనిషి మొహం పాలిపోయింది. నేను నవ్వాపుకుంటూ చేతులు కడుక్కోమన్నాను. తుడుచుకుని వచ్చాక ఇంకో వేలు గుచ్చితే 104. వేలికి అంటిన మామిడి రసం చాలు, మీటరు దాన్ని కూడా రక్తంలో చక్కెర కిందే లెక్కగడుతుంది. కొబ్బరి, బెల్లం, ప్రసాదం పట్టుకున్న చేత్తో కొండ మీద పరీక్ష చేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అక్కణ్ణుంచే నా షుగర్ దిగడం మొదలైంది. మెట్ల మీద ఒక చిక్కుంది. చెమట, గుండెదడ, కాళ్ల వణుకు ఇంట్లో అయితే లో షుగరని నాకు చెప్పే గుర్తులు. ఇక్కడ పక్కనున్న ప్రతివాడికీ అవే. ఒంటి మాట నమ్మడానికి లేదు. సెన్సర్ 84 చూపిస్తూ బాణం కిందికి పెట్టింది. అది కొలిచేది చర్మం కింది ద్రవంలో, రక్తంలో కాదు. షుగర్ వేగంగా పడేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. వేలు గుచ్చితే 66. అరుగు మీద కూలబడి మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాను. పదిహేను గ్రాములు వేసుకో, పదిహేను నిమిషాలు ఆగు, మళ్లీ చూడు. అంతకన్నా వేరే మంత్రం లేదు. ఆ పదిహేను నిమిషాలూ బావ ఏదడిగినా కసురుకున్నానట, నాకు సరిగా గుర్తులేదు.

మోకాళ్ల మెట్టు దగ్గర అన్నమయ్య కథ తలవని వాళ్లుండరు. చిన్నపిల్లాడు ఆకలితో, అలసటతో అక్కడే సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ వచ్చి ప్రసాదం పెట్టిందంటారు. చిన్నప్పట్నుంచీ విన్న కథే. 66 చూసి లేచినవాణ్ని కాబట్టి ఈసారి ఆ పిల్లాడి ఆకలి మీదికే పోయింది నా మనసు.

పైన అసలు పరీక్ష క్యూలో. గుడిలోకి ఫోను తీసుకుపోనివ్వరు, అంటే నా సెన్సర్ లెక్క లాకర్లో ఉండిపోతుంది. మీటరు, స్ట్రిప్పులు, గ్లూకోజు పొట్లం, డాక్టరు చీటీ ఒక గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. తనిఖీలో చీటీ చూసి పొమ్మన్నారు. వైకుంఠం కంపార్టుమెంటులో ఎంతసేపు ఉంటామో ఎవరికీ తెలీదు. ఉప్మా తెచ్చి పెట్టారు. దానికి సూది వేశాక గేటు తీసి నడిపిస్తే ఏం గతి? కొంచెమే తిని, సూది జోలికి పోకుండా, 190 దాకా ఉండనిచ్చాను. రద్దీలో 190 ఉన్నా కూలిపోం, 60 అయితే పడిపోతాం. దర్శనం ఎప్పటిలాగే రెప్పపాటు.

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూడా అదే జాగ్రత్త. ఇంటి దగ్గర తినడానికి పదిహేను నిమిషాల ముందే సూది వేసుకుంటాను. అక్కడ ఎప్పుడు పిలుస్తారో తెలీదు కాబట్టి, ఆకులో అన్నం, సాంబారు పడ్డాకే బల్ల కింద పొట్టకు గుచ్చుకున్నాను. చక్కెర పొంగలి రెండు ముద్దలు తిన్నాను. లడ్డూ కూడా తిన్నాను, అత్త వినకూడదు. ఒకటి మాత్రం చెప్పాలి. లో అయినప్పుడు జేబులో లడ్డూ ఉంది కదా అని దాని మీద ఆధారపడకూడదు. శనగపిండి, నెయ్యి కలిసిన తీపి ఆలస్యంగా ఎక్కుతుంది. అప్పుడు కావలసింది ఉత్త గ్లూకోజే.

సాయంత్రం బస్సులో కొండ దిగి బైరాగిపట్టెడలో అత్త వాళ్ల ఇంటికి చేరాం. ఇంతా చేసి జాగ్రత్త పడాల్సింది ఆ రాత్రికే. పగలంతా ఖర్చయిన నిల్వను కండరాలు నిద్రలో మళ్లీ నింపుకుంటాయి, ఆ గ్లూకోజు రక్తంలోంచే లాగుతాయి. ఒక్కోసారి మరుసటి రోజు దాకా ఈ ప్రభావం ఉంటుంది. రాత్రి డోసు మళ్లీ తగ్గించి, రాగిసంగటి కొంచెం ఎక్కువే తిని పడుకున్నాను. నడిరాత్రి అలారం మోగింది, 58. వేలు గుచ్చితే 121. సెన్సర్ ఉన్న చేతి మీద ఒరిగి పడుకోవడంతో వచ్చిన దొంగ లెక్క. తెల్లవారుతుండగా మళ్లీ మోగింది. ఈసారి నిజంగానే 64. గ్లూకోజు కలుపుతుంటే అత్త లేచొచ్చింది. చెంచా చప్పుడు విని, గ్లాసు చూసి, నా మొహం చూసి, "ఇంకొంచెం పోసుకో" అంది.

టిఫిను వేళకు 203. "వచ్చే ఏడు శ్రీవారి మెట్టు నుంచి పోదాం బావా, 2,388 మెట్లే" అన్నాడు బావ. మెట్లు తక్కువే గానీ అంతా నిటారే, చదును దారి లేదు, కాబట్టి అక్కడ షుగర్ ముందు ఇంకా ఎక్కుతుంది, డోసు వేరేగా ఆలోచించాలి అని మొదలుపెట్టాను. సగం విని ఇడ్లీలు తేవడానికి స్కూటరు తీశాడు.