రెండు గంటలకొకసారి

పొద్దున ఆరున్నరకు నా మొదటి కాల్. ఇంగ్లండ్‌లో ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళను చూసుకునే మాలాంటివాళ్ళం, ఒక్కో ఇంటికి పోవడాన్ని 'కాల్' అంటాం. వాకిలి పక్కన గోడకు చిన్న ఇనప డబ్బీ బిగించి ఉంటుంది. దాన్ని కీ సేఫ్ అంటారు. నాలుగంకెలు సరిచేస్తే తెరుచుకుంటుంది, లోపల తాళంచెవి ఉంటుంది. ఇంట్లో ఉన్న మనిషి లేచి వచ్చి తలుపు తీయలేరు కాబట్టే ఆ డబ్బీ. చీకట్లో, చలిలో దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు ఎర్రగుంట్ల దగ్గర మా పల్లె, మా ఇంటి వాకిలి గుర్తుకొస్తాయి.

మాది నాపరాతి గనుల పక్కన ఊరు. మా నాయన బండలు కోసే పని చేసి, ఆ దుమ్ములోనే ఆరోగ్యం పోగొట్టుకొని చనిపోయినాడు. ఆ తర్వాత అమ్మ కువైట్ పోయింది. ఉమ్మడి కడప జిల్లాలో ఇది వింత కాదు. రాజంపేట, రాయచోటి, కోడూరు దిక్కున ఎవరినడిగినా అక్కనో పెదనాన్న బిడ్డనో అక్కడే ఉన్నారంటారు. 2004 నుంచి 2014 దాకా పదేండ్లు అమ్మ అక్కడ ఒక పెద్దామెను చూసుకుంది. నీళ్ళు పోసేది, తినిపించేది, గుడ్డలు మార్చేది, రాత్రి ఆమె మంచం పక్కన నేలమీద పడుకునేది. నెలకు 40 దినార్లు. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకు ప్రత్యేక చట్టం 2015లో వచ్చింది, 60 దినార్ల కనీస జీతం ఆ తర్వాత పెట్టినారు. అప్పటికే అమ్మ తిరిగొచ్చేసింది.

ఆ పదేండ్లూ నన్ను సాకింది మా అవ్వ. అవ్వ మంచాన పడితే చూసుకున్నది నేను. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతా ఉన్నా. అవ్వ పోయిన రోజు అమ్మకు సెలవు దొరకలేదు. ఫోన్లో ఏడుస్తా, 'పక్కకు తిప్పి పడుకోబెట్టినావా పాపా, వీపు పుండ్లు పడకుండా చూసినావా' అనడిగింది. కువైట్‌లో ఆ పెద్దామెను రాత్రిపూట రెండు గంటలకొకసారి లేచి తిప్పేదంట అమ్మ. నేను అవ్వను తిప్పలేదు. తిప్పాలని నాకు తెలియదు.

నేను నర్సింగ్ చదివింది ఆ మాట వల్లనే. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరితే నెలకు 14 వేలు ఇచ్చేవాళ్ళు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రభుత్వం కేర్ వర్కర్లను కూడా వీసా జాబితాలో చేర్చింది. ఆ ఏడాది లెక్కల్లో ఒక్క ఇంగ్లండ్‌లోనే ఈ రంగంలో 1,65,000 ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి. 2023 ఆగస్టులో నేను, మా ఆయన, బిడ్డ వచ్చినాం. ఏజెంటుకు 11 లక్షలు కట్టినాం, రెండెకరాలు అమ్మి. ఇక్కడి కంపెనీ పని ఇస్తామని వీసా కోసం రాసిచ్చే స్పాన్సర్‌షిప్ కాగితానికి ఆ డబ్బు. అది అమ్మకపు సరుకు కాదని ఇక్కడికొచ్చినాక తెలిసింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది గానీ, ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ సంగతి కాదు.

ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: 'తెల్లోళ్ళు తల్లిదండ్రులను వదిలేస్తారంట కదా మే, అందుకే మీకు పని.' నేను చూసింది వేరు. నా కాల్స్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. ఎనభై దాటినాయి. భార్యకు మతిమరుపు జబ్బు వచ్చి ఆరేండ్లయింది. నేను పొద్దున అరగంట, సాయంత్రం పదిహేను నిమిషాలు ఉంటాను. మిగతా గంటలన్నీ ఆయనే. కొడుకు ఆదివారం ఆదివారం మూడు గంటలు కారు నడుపుకొని వచ్చి, తల్లికి అన్నం తినిపించి, గోళ్ళు కత్తిరించి పోతాడు. 2021 జనాభా లెక్కల్లో ఒక్క ఇంగ్లండ్, వేల్స్‌లోనే దాదాపు 50 లక్షల మంది, జీతం లేకుండా తమవాళ్ళకు సేవ చేస్తున్నామని రాయించినారు. వదిలేసిన జనం అలా రాయించరు.

ఆ పెద్దాయన ఒకరోజు టీ కప్పు నా ముందు పెట్టి అడిగినాడు, ఈమెను హోమ్‌లో, అంటే ముసలివాళ్ళను ఉంచుకొని చూసుకునే చోట, చేరిస్తే ఆ ఖర్చుకు మా ఇల్లు పోతుందా అని. అలాంటివి చెప్పడానికి నాకు అధికారం లేదు, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) సోషల్ వర్కర్‌ను అడగమన్నా. రాత్రి ఇంటికొచ్చి నేనే చదువుకున్నా.

ఇక్కడ ఆసుపత్రి వైద్యం ఉచితం. స్నానం చేయించడం, తినిపించడం, తిప్పి పడుకోబెట్టడం మాత్రం వైద్యం కిందికి రావు. ఇంగ్లండ్‌లో ఒక మనిషి పేరు మీద 23,250 పౌండ్ల కంటే ఎక్కువ ఆస్తి ఉంటే కౌన్సిల్ సాయం చేయదు, ఖర్చంతా ఆ మనిషిదే. ఆ అంకె 2010 నుంచి కదలలేదు. ఇంట్లోనే ఉండి సేవ తీసుకుంటే ఇంటి విలువ లెక్కలోకి రాదు. హోమ్‌కు పోతే, ఇంట్లో భర్తో భార్యో ఉంటున్నంతకాలం రాదు, ఒంటరి మనిషైతే వస్తుంది. హోమ్ ఖర్చు చాలా చోట్ల వారానికి 1,000 పౌండ్లు దాటుతుంది. అంటే ఏడాదికి యాభై వేల పైమాట. ఒక మనిషి జీవితంలో 86,000 పౌండ్లకు మించి కట్టనక్కరలేకుండా హద్దు పెడతామని 2021లో ప్రభుత్వం చెప్పింది. 2023 అక్టోబరులో మొదలు కావాల్సింది 2025కు జరిగింది, 2024 జూలైలో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దే చేసింది. పెద్దాయన బతికున్నంతవరకు ఆ ఇంటికి ఢోకా లేదు. అదే మాట ఆయనకు సోషల్ వర్కర్ కూడా చెప్పిందంట. అయినా ఆయన భార్యను హోమ్‌కు పంపలేదు. 'నేను పోయినాక ఆమె సంగతి' అంటాడు, అంతకుమించి మాట్లాడడు.

నా చేతికి గంటకు 12 పౌండ్ల పైచిలుకు వస్తుంది. సొంత డబ్బుతో మమ్మల్ని పెట్టుకున్న ఒక కూతురు గంటకు 30 కడుతున్నానని నాతో చెప్పింది. నడుమ పెట్రోలు, ఇన్సూరెన్సు, ఆఫీసు, ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు పోవాలో రోటా రాసేవాళ్ళు అన్నీ ఉంటాయని నాకు తెలుసు. అయినా ఆమె 30 కట్టలేక ఒక కాల్ తగ్గించుకుంది. నేనేమో 12తో అద్దె కట్టలేక ఆదివారాలు కూడా పని తీసుకుంటా ఉన్నా.

2024 నవంబరులో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. నేను పదహారు రోజులు పోయి ఉండి తిరిగొచ్చినా. నా వీసా మీద అమ్మను తెచ్చుకునే దారి లేదు. ఉద్యోగం మానేస్తే అరవై రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను చూసుకోవాల, లేకపోతే ముగ్గురం సర్దుకోవాల. కాబట్టి ఇక్కడినుంచే మనిషి కోసం వెతకడం మొదలుపెట్టినా.

తిరుపతిలో ఒక బ్యూరో నుంచి ఒక పిల్ల వచ్చింది. నెలకు 25 వేలు, తిండి మనదే, పగలూ రాత్రీ ఉండాల. మూడు వారాలకు పోయింది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. ఆమెకు నిద్ర లేదు. ఊర్లో అడిగితే ఓపిక ఉన్న ఆడవాళ్ళు కువైట్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. ఆఖరుకు మా వీధి చివర ఉండే ఒక అక్క ఒప్పుకుంది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా, 12 వేలు. రాత్రికి మా చిన్నమ్మ వచ్చి పడుకుంటుంది. చిన్నమ్మకు అరవై దాటినాయి, మోకాళ్ళు పోయినాయి. ఫిబ్రవరిలో అమ్మ నడుం కింద పుండు పడింది. గాలి పరుపు కొనిపించినా. పరుపు ఉన్నా సరే మనిషిని తిప్పాల.

ఒక రాత్రి కూర్చొని లెక్క వేసినా. వారానికి 168 గంటలు. మనిషికి నలభై రెండు గంటల పని అనుకున్నా, మంచాన పడిన ఒక్కరిని చూసుకోవడానికి నలుగురు కావాల. కువైట్‌లో ఆ నలుగురి పనీ మా అమ్మ ఒక్కతే చేసింది. ఇక్కడ ఆ పెద్దాయన చేస్తా ఉన్నాడు. మన ఇండ్లలో కోడలు చేస్తుంది, అందుకే ఖర్చు ఎవరికీ కనపడలేదు. కోడలు లేని ఇంట్లో ఇప్పుడు కనపడతా ఉంది.

అమ్మకు 4,000 పింఛను వస్తుంది. ఒకటో తేదీ గ్రామ సచివాలయం పిల్లోడు ఇంటికే తెచ్చి చేతిలో పెడతాడు. ఆ మర్యాదకు అమ్మ ప్రతి నెలా కండ్లనీళ్ళు పెట్టుకుంటుంది. పూర్తిగా మంచాన పడినవాళ్ళకు 15,000 ఇస్తారు, దానికి దరఖాస్తు పెట్టినాం. తల్లిదండ్రులను చూసుకోకపోతే నెలకు 10,000 దాకా భరణం కట్టించే చట్టం 2007లోనే వచ్చింది. జిల్లాకొక వృద్ధాశ్రమం ఉండాలన్న మాట కూడా అందులో ఉంది. కానీ నా కష్టం భరణం కాదు. డబ్బు పంపుతానే ఉన్నా. ఆ డబ్బు తీసుకొని, పని తెలిసి, రాత్రి మేలుకొని ఉండే మనిషి కావాల. పింఛను ఇంటికి తెచ్చినట్టే, వారానికి రెండుసార్లయినా పని నేర్చిన మనిషిని ఇంటికి పంపితే, ఆ అక్కలాంటి వాళ్ళకు ఊర్లోనే శిక్షణ ఇచ్చి సరైన జీతం కడితే, ఎంతమంది వీపులు పుండు పడకుండా ఉంటాయో నాకు తెలుసు. ఇది నేను రోజూ చేసే పని.

అక్కకు వీడియో కాల్‌లో నేర్పించినా. రెండో కాల్‌కు, మూడో కాల్‌కు మధ్య కారులో కూర్చుంటే నాకు ఎనిమిది, అక్కడ ఒంటిగంటన్నర. 'మోకాలు మడువక్కా. ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద. లాగొద్దు, నీ దిక్కు దొర్లించుకో. వీపు వెనక దిండు పెట్టు. మడమ పరుపుకు తగలకూడదు.' అక్క నాలుగు రోజుల్లో నేర్చుకుంది. పుండు మానుతా వచ్చింది. తిప్పినాక అమ్మ వంకరపోయిన నోటితోనే, 'నువ్వు తింటివా మే' అని అక్కను అడిగేది.

పోయిన సోమవారం అమ్మను తిప్పినాక అక్క ఫోన్ చేతిలోకి తీసుకొని బయటికొచ్చింది. 'పాపా, మైదుకూరులో మా అత్త బాత్రూములో జారిపడింది. ఆదివారాలు నేను పోవాల. ఇంకో రెండు వేలు కూడా పెంచు.' సరే అక్కా అన్నా. వేరే మాట ఏముంది చెప్పడానికి?

చిన్నమ్మకు ఫోన్ చేసినా. 'రాత్రీ నేనే, ఆదివారం పగలూ నేనేనా పాపా? నేను పడితే నన్ను ఎవరు లేపుతారు?' అనింది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది. అప్పటికే మూడో కాల్‌కు నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. ఈ ఆదివారానికి ఇంకా ఎవరూ దొరకలేదు.