తేదీ వేసిన కాగితాలు

మేము ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడాది సోషల్ మాస్టారు ప్రతి విద్యార్థి చేతా పేపరు కటింగులు అంటించే ఒక సేకరణ పుస్తకం పెట్టించిన సంగతి 1986 పదో తరగతి బ్యాచ్ వారికి గుర్తుండే ఉంటుంది. బడులు తెరిచిన కొద్ది రోజులకే, 1983 జూన్ 25న, లార్డ్స్ మైదానంలో కపిల్ దేవ్ జట్టు వెస్టిండీస్‌ను 43 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్ గెలవడంతో చాలామంది పుస్తకాలకు అదే మొదటి పేజీ అయింది. ఇంట్లో పేపరు వేయించుకునే వారు తక్కువ కనుక, మంగలి షాపులోనూ టీ కొట్టులోనూ అందరూ చదివి నలిపేసిన కాగితాలనే అడిగి తెచ్చుకునేవాళ్లం.

గమ్ము సీసా కొనడం అందరికీ కుదిరేది కాదు. మైదాపిండిని ఉండలు కట్టకుండా నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ, గరిటెకు అంటుకునేదాకా ఉడికించి, చల్లారాక వేలితో రాసేవాళ్లం. లైబ్రరీ పుస్తకాలు బైండింగు చేసే పెద్దాయన అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు చేరదని చెప్పారు. అది విషమని తెలిసిన మా అమ్మ ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. ఆ పేజీలు నేటికీ చెక్కుచెదరలేదు. తర్వాత నాగరికంగా సెల్లోటేపు వేసిన పేజీల్లో మాత్రం టేపు ఎండి ఊడిపోగా, దాని జిగురు గోధుమరంగు మరకగా కాగితంలోకి ఇంకిపోయింది. న్యూస్‌ప్రింట్ పసుపెక్కడం మన చేతిలో లేనిది: చెక్కగుజ్జులోని లిగ్నిన్‌ను తీసివేయకుండానే ఆ కాగితం తయారు చేస్తారు కనుక, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ అది రంగు మారి పెళుసెక్కుతుంది.

ప్రతి కటింగు కిందా పత్రిక పేరు, తేదీ, దాన్ని ఎందుకు కత్తిరించామో రెండు వాక్యాలు రాయాలన్నది మాస్టారి నియమం. "నచ్చింది కనుక" అని రాస్తే, "ఎందుకు నచ్చిందో రాయి నాయనా" అంటూ పుస్తకం తిప్పి ఇచ్చేవారు. అప్పట్లో విసుగు పుట్టించిన ఆ రెండు వాక్యాలే ఇప్పుడు నాకు అసలు సంపదగా కనిపిస్తున్నాయి. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లిన వార్త ఏ పెద్ద గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. దాని కింద వంకర అక్షరాలతో నేను రాసుకున్న "ఆ రోజు కరెంటు లేదు, నాన్నగారు రేడియోలో కొత్త బ్యాటరీలు వేశారు" అన్న మాట ఇంకెక్కడా దొరకదు. 1986లో హేలీ తోకచుక్క బొమ్మ పక్కన, తెల్లవారుజామున బడి డాబా ఎక్కి చూశామనీ, కనిపించింది తోకచుక్కో మామూలు చుక్కో చివరికి తేలలేదనీ ఉంది. సైన్స్ మాస్టారు అది తోకచుక్కే అన్నారు కానీ, మమ్మల్ని నిరాశపరచడం ఇష్టంలేకే అలా అన్నారని నా అనుమానం.

నెమలీకలు, ఈనెలు మాత్రమే మిగిలేలా నీళ్లలో నానబెట్టిన రావి ఆకులు, కండక్టరు పంచ్ చేసిచ్చిన తెనాలి బస్సు టికెట్లు కూడా ఆ పుస్తకాల్లోకే చేరాయి. అవి అచ్చు టికెట్లు కాబట్టి నిలిచాయి. నేటి మిషను టికెట్లూ బిల్లులూ వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. కొన్నేళ్లకే అక్షరాలు మాసిపోతాయి కాబట్టి, దాచుకోదలచినవారు ముందే జెరాక్సు తీయించుకోవడం మంచిది. ఫోన్లో వేల ఫొటోలు ఉన్నవారికి ఈ శ్రమ ఎందుకని మా అబ్బాయి అడుగుతుంటాడు. ఏ ఫొటో ఎందుకు తీశాడో వాడు ఎక్కడా రాసుకోలేదన్నదే నా అభ్యంతరం.

మన పూర్వ విద్యార్థుల ఈ సంచిక కోసం పాత ఫొటోలు పంపే మిత్రులకు ఒక మనవి. ఫొటో వెనుక జిగురు పూయకుండా నాలుగు మూలలకు కాగితపు తొడుగులు పెట్టండి. పేర్లను బాల్ పెన్నుతో కాక, మెత్తని పెన్సిలుతో ఒత్తకుండా రాయండి. మా పదో తరగతి గ్రూపు ఫొటోలో మూడో వరుసలో ముగ్గురిని ఇప్పటికీ గుర్తుపట్టలేకపోతున్నాము. కుడి చివర నిలబడిన, మనందరికీ గంట కొట్టిన అటెండరు గారి పూర్తి పేరు తెలిసినవారు కూడా దయచేసి సంచిక కమిటీకి తెలియజేయగలరు.